బిజినెస్ ఇంగ్లీషు చెప్పడానికి అసలు ఏం తెలిసుండాలి? కాలేజీ లెక్చరర్‌ని, సలహా కావాలి

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. విజయవాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో 11 ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. సిలబస్ ఉంది, ల్యాబ్ ఉంది, రికార్డు బుక్కులున్నాయి, రోజులు గడిచిపోతున్నాయి. ఈమధ్య తెలిసినవాళ్ల ద్వారా హైదరాబాద్ నుంచి ఒక ట్రైనింగ్ వెండర్ ఫోన్ చేశారు. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో 18 మందికి 40 గంటల బిజినెస్ ఇంగ్లీషు చెప్పాలట. వేసవి సెలవుల్లోనే కాబట్టి కాలేజీతో ఇబ్బంది లేదు. డెమో అడిగారు, ఇచ్చాను, బాగుందన్నారు.

ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. నేను ఎప్పుడూ ఒక కంపెనీలో కూర్చుని పనిచేసినదాన్ని కాదు. పర్చేజ్ ఆర్డర్‌కి, ఇన్‌వాయిస్‌కి తేడా మొన్నే వెతుక్కుని తెలుసుకున్నాను, నిజం చెప్తున్నా. ఆ 18 మందిలో నాకంటే వయసులో పెద్దవాళ్లు, నా జీతానికి మూడింతలు తెచ్చుకునేవాళ్లు ఉంటారు. ఏ ముఖం పెట్టుకుని వాళ్లకి పాఠం చెప్పాలి? మార్కెటింగ్, ఫైనాన్స్ లాంటివి కొంచెం చదువుకుని వెళ్లాలా? బిజినెస్ ఇంగ్లీషు టీచర్‌కి ఉండాల్సిన లక్షణాలేమిటో, క్లాసులో అసలు మన పాత్ర ఏమిటో, ఆ పని చేసినవాళ్లు, చెప్పించుకున్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పలకా_బలపం:

మేడం, ముందు ఆ ఫైనాన్స్ పుస్తకాలు మూసేయండి. 14 ఏళ్లుగా ఇదే పని నాది. మైత్రీవనం పక్క సందులో స్పోకెన్ ఇంగ్లీషు బ్యాచ్‌లతో మొదలుపెట్టి ఇప్పుడు కంపెనీలకు చెబుతున్నాను. నాకు ఈరోజుకీ బ్యాలెన్స్ షీట్ చదవడం రాదు. అవసరం పడలేదు కూడా. వాళ్ల పని వాళ్లకి తెలుసు. ఆ పనిని ఇంకొకడికి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఎక్కడ జారుతున్నారో పట్టుకోవడమే మన పని.

అది పట్టుకోవాలంటే మొదటి క్లాసుకి ముందే ఒక్కొక్కరు నిజంగా పంపిన మెయిల్స్ ఓ నాలుగు తెప్పించుకోండి. క్లయింట్ పేర్లు, ప్రాజెక్టు పేర్లు కొట్టేసి పంపమనండి, లేకపోతే మీరూ వాళ్లూ ఇరుక్కుంటారు. అవి చదివితే మీ 40 గంటల సిలబస్ అందులోనే దొరుకుతుంది.

ఒక ముక్క చెప్తాను. ఒక బ్యాచ్‌లో ఒకతను అమెరికా క్లయింట్‌కి రాసిన మెయిల్: 'కైండ్లీ సెండ్ ద ఫైల్ టుడే వితౌట్ ఫెయిల్.' వ్యాకరణంలో తప్పేమీ లేదు. కానీ అవతలివాళ్లకి కోపమొచ్చి ఇతని మేనేజర్‌కి ఫిర్యాదు చేశారు. పాపం ఇతనికి ఎందుకో అర్థంకాలేదు. ఆలోచిస్తే నాకు వెలిగింది. మనం తెలుగులో 'తప్పకుండా రండి' అంటే ఎంత ఆప్యాయత! పెళ్లి పిలుపులన్నీ దాంతోనే. అదే 'వితౌట్ ఫెయిల్' అయ్యేసరికి పై అధికారి హుకుంలా వినిపిస్తుంది. తెలుగులో ఉన్న 'కాస్త', 'అండి' రెండూ ఇంగ్లీషులోకి దాటేటప్పుడు రేవులోనే ఉండిపోతాయి, ఉత్త ఆజ్ఞ మాత్రం పడవెక్కుతుంది. 'కుడ్ యూ సెండ్ ద ఫైల్ టుడే? వియ్ నీడ్ ఇట్ ఫర్ టునైట్స్ బిల్డ్' అని మార్చాం. ఎందుకు కావాలో ఒక ముక్క చేర్చితే సగం మర్యాద అక్కడే వచ్చేస్తుంది.

ఇది తెలుగు బాగా వచ్చిన టీచర్‌కే కనిపిస్తుంది మేడం. కాబట్టి మీ చేతిలో ఏమీ లేదనుకోకండి.

బెంచ్‌మీద_ఖమ్మంవాడు:

నేను చెప్పించుకున్న బాపతు. టెస్టర్‌ని. మా కంపెనీలో మూడుసార్లు ఈ ట్రైనింగ్‌లో కూర్చోబెట్టారు. మొదటిసారి వచ్చినాయన బెలూన్లు ఊదించాడు. రెండోసారి ఆవిడ 'మీరు పక్షి అయితే ఏం చేస్తారు' అనే టాపిక్ మీద ఒక్కొక్కరిని ఒక నిమిషం మాట్లాడమంది. ముప్పై నాలుగేళ్లవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, పక్షినైతే ఏం చేస్తానో నాకేం తెలుసు మేడం, బహుశా ఆ క్లాసులోంచి ఎగిరిపోతాను.

బయటికొచ్చాక సాయంత్రం స్టాండప్ కాల్‌లో నా పరిస్థితి మళ్లీ అదే. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను, ఈ మూడు ముక్కలు గట్టిగా రెండు నిమిషాల్లో చెప్పడం రావాలి నాకు. ఒక డిఫెక్ట్ దొరికితే అది ఎలా వస్తుందో వరుసగా చెప్పడం రావాలి. డెవలపర్ 'నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది' అన్నప్పుడు గొడవ పెట్టుకోకుండా 'కాదు, చూడు' అనడం రావాలి. ఈ మూడోది ఎవరూ నేర్పలేదు.

మూడోసారి వచ్చినాయన మాత్రం మొదటిరోజు బోర్డు మీద ఏమీ రాయలేదు. వెనక కూర్చుని 'మీ కాల్ ఎలా జరుగుతుందో నాకు చేసి చూపించండి, ఒకరు క్లయింట్‌గా ఉండండి' అన్నాడు. ఇరవై నిమిషాలు నోట్స్ రాసుకున్నాడు. మేం ఎక్కడ తడబడ్డామో ఆ మాటలే రెండోరోజు తెచ్చాడు. ఎవరు అన్నారో పేరు మాత్రం చెప్పలేదు. ఆయన చదువేమిటో, ఏ కంపెనీలో చేశాడో ఎవరమూ అడగలేదు. మీరు జీతం గురించి రాశారు చూడండి, మాకు ఆ ధ్యాసే ఉండదు. మా టైమ్ తింటున్నారా లేదా అన్నదొక్కటే చూస్తాం.

పాత_చాక్‌పీస్:

అమ్మాయ్, నేను రిటైరై ఏడేళ్లయింది. మా రోజుల్లో హైదరాబాద్ తార్నాకలో ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇచ్చే సంస్థలో డిప్లొమా చేశాను, అప్పటికి దాని పేరు సీఫెల్, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పుట్టి, 1972లో సీఫెల్ అయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పేర్లు మారినా ఇరానీ చాయ్ మారలేదు.

నువ్వు పాత్ర అని అడిగావు కాబట్టి చెబుతున్నా. ఒక వృత్తికి, ఒక పనికి అవసరమైన ఇంగ్లీషు నేర్పే శాఖ ఒకటుంది, ఈఎస్‌పీ అంటారు. బిజినెస్ ఇంగ్లీషు అందులోదే. డడ్లీ-ఎవాన్స్, సెయింట్ జాన్ అని ఇద్దరు 1998లో ఈ పని చేసేవాడికి ఐదు పాత్రలుంటాయని రాశారు: పాఠం చెప్పడం, కోర్సు అల్లి సామగ్రి తయారు చేసుకోవడం, ఆ రంగంవాళ్లతో కలిసి పనిచేయడం, వాళ్ల అవసరాలూ వాళ్ల రాతలూ పరిశోధించడం, మూల్యాంకనం. నువ్వు 11 ఏళ్లుగా చేస్తున్నది ఎక్కువగా మొదటిదే. కాలేజీలో తక్కినవి యూనివర్సిటీ చేసిపెడుతుంది. అక్కడ ఐదూ నీ నెత్తినే. నీ భయానికి అసలు కారణం ఫైనాన్స్ రాకపోవడం కాదని నా అనుమానం, సిలబస్ చేతికిచ్చేవాడు లేకపోవడం.

ఐదింటిలో నన్నడిగితే పరిశోధన ముందు. పెద్ద మాట అనుకోకు, పైన పలకా బలపం గారు మెయిల్స్ అడగమన్నారే, అదే పరిశోధన. 'కలిసి పనిచేయడం' అంటే క్లాసులో నీకు తెలియని మాటొస్తే 'ఇది మీ మాట, నాకు చెప్పండి' అని అడగగలగడం. లెక్చరర్లకి అన్నిటికంటే కష్టం ఇదే. నాకు మూడేళ్లు పట్టింది నోరు తిరగడానికి.

కృష్ణాతీరం:

మాస్టారూ, గురి చూసి కొట్టారు. సిలబస్ లేకపోవడమే భయం, మీరన్నాక తెలిసింది. పలకా బలపం గారూ, వెండర్‌ని మెయిల్స్ అడిగాను, 'అవన్నీ కాన్ఫిడెన్షియల్ మేడం, మా దగ్గర రెడీమేడ్ పీపీటీ ఉంది, అది చెప్పేయండి' అన్నారు. పీపీటీలో 112 స్లయిడ్లు. మొదటి స్లయిడ్‌లో సూటు వేసుకున్న ఇద్దరు తెల్లవాళ్లు కరచాలనం చేసుకుంటున్నారు.

పలకా_బలపం:

ఆ ఇద్దరూ నాకు తెలుసు, అన్ని పీపీటీల్లోనూ వాళ్లే. వెండర్‌ని వదిలేయండి, మొదటిరోజు నేరుగా బ్యాచ్‌నే అడగండి. మెయిల్ ఇవ్వలేకపోతే గుర్తున్నంతవరకు కాగితం మీద రాయమనండి. అదే నయం కూడా, చేత్తో రాస్తే కాపీ పేస్టు ఉండదు.

ఎల్‌అండ్‌డీ_లోపలిమనిషి:

కంపెనీ వైపు నుంచి ఒకమాట. ట్రైనర్లను పిలిచే టీమ్‌లో ఉన్నాను. మేము చూసేది మీరనుకునేది కాదు. మంచి ఉచ్చారణ, మంచి చీర, గలగలా మాట్లాడటం, ఇవన్నీ డెమోలో పనికొస్తాయి. కోర్సు అయిపోయాక డెలివరీ మేనేజర్ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: 'ఎస్కలేషన్లు తగ్గాయా?' అంటే, క్లయింట్ నుంచి పైవాళ్లదాకా వెళ్లే ఫిర్యాదులు. క్లాసు ఆఖరున నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాలని మేము హ్యాపీ షీట్లు అనే పిలుస్తాం, వాటి విలువ మాకూ తెలుసు. సమోసాలు బాగుంటే ఐదుకి నాలుగున్నర వస్తుంది.

ట్రైనర్‌లో నేను వెతికేది ఒకటి, సమయస్ఫూర్తి. మా వాళ్లకి రిలీజ్ ఉన్నరోజు సగంమంది రారు. వచ్చిన తొమ్మిదిమందితో అప్పటికప్పుడు ప్లాన్ మార్చుకోగలగాలి. రెండోది, నోరు అదుపు. ఒకాయన చాలా బాగా చెప్పేవాడు, కానీ వేరే కంపెనీలో చూసిన తప్పులు మా దగ్గర జోకులుగా చెప్పేవాడు. అందరూ నవ్వారు, నేను మళ్లీ పిలవలేదు. మా తప్పులు రేపు ఇంకెక్కడ జోకులవుతాయో కదా.

ఇంకోటి, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో రిపోర్టు ఇవ్వాలి. యూరప్‌వాళ్ల కొలత ఉందిగా, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు, అందులో చెప్పండి చాలు.

బెంచ్‌మీద_ఖమ్మంవాడు:

ఆ రిపోర్టే అన్నా మా ప్రాణం తీసేది. ట్రైనింగ్ అని పిలుస్తారు, తీరా చూస్తే ఆ కాగితం అప్రైజల్‌లో తేలుతుంది. నా ఫ్రెండ్‌ని ఆన్‌సైట్ లిస్టులోంచి, అంటే విదేశాల్లో క్లయింట్ దగ్గరికి పంపేవాళ్ల లిస్టులోంచి తీసేశారు, కారణం కమ్యూనికేషన్ అన్నారు. మరి క్లాసులో తప్పు మాట్లాడే ధైర్యం ఎవడికుంటుంది? తప్పు మాట్లాడకుండా ఎలా నేర్చుకుంటాం?

ఎల్‌అండ్‌డీ_లోపలిమనిషి:

మీ బాధ అర్థమైంది కానీ, కంపెనీ డబ్బు పెట్టాక ఏం వచ్చిందని అడగదా?

పలకా_బలపం:

అడగనివ్వండి సార్, అడగాల్సిందే. నేను ఒప్పందంలోనే రాయించుకుంటాను: బ్యాచ్ మొత్తం ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో చెబుతాను, మనిషి మనిషికీ మార్కులు ఇవ్వను. వ్యక్తిగత స్థాయి కావాలంటే వేరే పరీక్ష పెట్టించుకోండి, కేంబ్రిడ్జ్‌వాళ్ల బిజినెస్ పరీక్షలు బీ1, బీ2, సీ1 మూడు స్థాయిల్లో ఉన్నాయి, లింగ్వాస్కిల్ అని వాళ్లదే ఇంకో పరీక్ష ఉంది. పాఠం చెప్పే మనిషే తీర్పరి అయితే క్లాసులో ఎవరూ నోరు విప్పరు. దీనివల్ల రెండు ఆర్డర్లు పోగొట్టుకున్నాను, అయినా మార్చుకోలేదు. మేడం, మీది మొదటి ఆర్డరు కాబట్టి ఇంత గట్టిగా ఉండలేకపోవచ్చు. కనీసం రిపోర్టు ఎవరెవరికి వెళుతుందో ముందే కనుక్కుని మొదటి గంటలోనే బ్యాచ్‌కి చెప్పేయండి.

కాల్‌సెంటర్_రాత్రులు:

అందరూ మెయిల్ మెయిల్ అంటున్నారు, యాక్సెంట్ సంగతి ఎవరూ ఎత్తరేం? నేను ఆరేళ్లు వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనర్‌ని. మన దగ్గర ఎంటీఐ, అంటే మాతృభాష ప్రభావం, మామూలుగా ఉండదు. 'ఓపెన్' అనమంటే 'వోపెన్', 'ఎంట్రీ' అనమంటే 'యెంట్రీ'. మాట చివర ఒక ఉకారం, 'మైండు', 'ఫ్రెండు'. ఇవి సరిచేయకుండా బిజినెస్ ఇంగ్లీషు ఏంటండీ? ఈ రంగంలోకి రావాలంటే ముందు టీచర్ ఉచ్చారణ తెల్లవాళ్లకి దగ్గరగా ఉండాలి.

డాలస్_నుంచి:

బ్రదర్, ఇక్కడ ఒకమాట చెప్పాలి. పొద్దున 8కి నా కాల్, అప్పుడు హైదరాబాద్ టీమ్‌కి సాయంత్రం ఆరున్నర. కాల్‌లో నేను కాక ఒక పోలెండ్ ఆయన, ఒక బ్రెజిల్ ఆవిడ, ఇద్దరు టెక్సస్‌వాళ్లు ఉంటారు. అందరివీ తలా ఒక యాక్సెంట్. 'వోపెన్' అన్నందుకు ఇన్నేళ్లలో ఒక్క పని ఆగలేదు. ఆగేది ఎక్కడో చెప్తాను.

మనవాళ్లు వింటున్నట్టు తెలియడానికి తెలుగులో 'ఊ, ఊ' కొడతాం కదా, అదే కాల్‌లో 'యెస్, యెస్, యెస్' అవుతుంది. టెక్సస్ ఆయన దాన్ని ఒప్పుకోవడం అనుకుంటాడు. వారం తర్వాత 'నువ్వు సరేనన్నావుగా' అంటాడు, ఇతను 'నేను విన్నానని చెప్పాను' అంటాడు. ఇద్దరూ నిజాయితీపరులే. రెండోది 'ఐ విల్ ట్రై'. మనకి అది మర్యాదగా చెప్పిన 'కష్టమండీ'. మొహమాటపడి కాదనలేక 'చూద్దాం' అనడం లాంటిది. ఇక్కడివాళ్లకి అది 'అవుతుంది'. గడువు రోజు దాకా ఎవరూ నోరు మెదపరు, ఆరోజు పొద్దున కుండ బద్దలవుతుంది. చెడ్డ వార్త ముందే చెప్పడం నేర్పే టీచర్ ఉంటే నా జేబులోంచి డబ్బులిచ్చి పెట్టుకుంటాను. ఏం కుదరదు, ఎందుకు కుదరదు, ఎప్పటికి కుదురుతుంది. మూడు వాక్యాలు.

ఇంకొకటి, తేదీలు. 04/05 అని మనవాడు రాస్తే మే 4, ఇక్కడ ఏప్రిల్ 5. నెలని అక్షరాల్లో రాయించండి మేడం, ఐదు నిమిషాల పాఠం. లక్షలు కోట్లు కూడా అంతే, ఒకటింబావు కోటి అంటే పన్నెండున్నర మిలియన్ అని టక్కున నోటికి రావాలి.

కాల్‌సెంటర్_రాత్రులు:

పోలెండ్ ఆయన మీ సహోద్యోగి సార్. మా కాల్‌లో అవతల ఉండేది 70 ఏళ్ల పెద్దావిడ, కరెంటు బిల్లు చూసి కోపంతో ఉంటుంది. ఆవిడ రెండుసార్లు 'పార్డన్' అందంటే కాల్ పోయినట్టే. ఎవరి అవసరం వాళ్లది.

డాలస్_నుంచి:

అది నిజమే. ఒప్పుకుంటున్నా.

పాత_చాక్‌పీస్:

ఇద్దరికీ చెరో సగం ఇస్తాను. యాక్సెంట్ అనుకరించడం వేరు, అర్థమయ్యేలా పలకడం వేరు. మన వాళ్లని ఎక్కువగా దెబ్బతీసేది అక్షరం కాదు, మాటలో బరువు ఎక్కడ వేస్తారన్నది. సాఫ్ట్‌వేర్‌వాళ్లు రోజూ వాడే 'డెవలప్' తీసుకోండి. నూటికి తొంభైమంది 'డె' మీద బరువు వేస్తారు. బరువు పడాల్సింది 'వె' మీద. తెలుగు మాటల్లో బరువు అర్థాన్ని మార్చదు కాబట్టి మన చెవికి ఆ సంగతే తట్టదు. అది చెవికి పట్టిస్తే చాలు, నాలుక మెల్లగా దారికొస్తుంది. ఈలోగా 'వోపెన్' అంటే అననీ.

మిర్చియార్డ్_అబ్బాయి:

గుంటూరు నుంచి. ఇక్కడందరూ సాఫ్ట్‌వేర్ గురించే, మాదీ బిజినెస్సే కదండీ, అసలైన బిజినెస్ 😄 నాన్న మిర్చి ఎక్స్‌పోర్ట్ చేస్తారు, ఎక్కువగా తేజ రకం. కొనేవాళ్లు చైనా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్. అంటే మెయిల్‌లో ఇటుపక్కా ఇంగ్లీషు సొంతభాష కాదు, అటుపక్కా కాదు. అలాంటప్పుడు పెద్ద పెద్ద మాటలు రాస్తే ఇద్దరూ మునుగుతారు.

నాన్నకి ఒక మాస్టారు చెప్పేవారు, యార్డు అయ్యాక రాత్రి ఎనిమిదింటికి, గోదాం ఆఫీసులో. ఘాటుకి మొదటివారం ఆయన దగ్గుతూనే పాఠం చెప్పారు. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ అంటే ఏంటో ఆయనకి తెలీదు. నాన్నే చెప్పారు: ఎఫ్‌ఓబీ అంటే మన రేవులో సరుకు ఓడెక్కించేదాకా ఖర్చు మనది, సీఐఎఫ్ అంటే అవతలి రేవుదాకా ఓడ కిరాయి, బీమా కూడా మనమే కట్టాలి అని. నాన్న అలా అరగంట తెలుగులో చెప్పడం, మాస్టారు రాసుకోవడం, తర్వాత మాస్టారు 'ఇప్పుడిదే ఇంగ్లీషులో నాకు చెప్పండి, నేను బ్యాంకాక్ పార్టీని' అనడం. అదే క్లాసు. చదువుకోలేదని ఎప్పుడూ వెనక్కి తగ్గే మా నాన్న అక్కడ మాత్రం గురువులా కూర్చునేవారు. నాన్నకి నోరొచ్చింది అక్కడే అనిపిస్తుంది నాకు.

ఒక తప్పు మాత్రం ఖరీదైంది. 'శుక్రవారం వరకు పంపిస్తాం' అనుకుంటూ 'వియ్ విల్ సెండ్ టిల్ ఫ్రైడే' అని రాశారు. అటు వాళ్లు శుక్రవారం దాకా రోజూ లోడ్లు వస్తూనే ఉంటాయనుకున్నారు. మన లెక్కలో ఒక్క కంటైనరు, శుక్రవారంలోపు. రెండురోజులు ఫోన్ల మీద ఫోన్లు. ఇప్పుడు మా గోదాం గోడ మీద 'బై', 'టిల్' రెండు మాటలు మార్కర్‌తో రాసి ఉంటాయి, కింద తెలుగులో 'లోపు', 'దాకా'.

కృష్ణాతీరం:

ఈ గోడ నాకు చాలా నచ్చింది, క్లాసులో వాడుకుంటాను, మీ అనుమతితో. అడగడం మర్చిపోయాను, క్లాసులో తెలుగు మాట్లాడొచ్చా? కాలేజీలో మాకు 'ఓన్లీ ఇంగ్లీష్' అని బోర్డు ఉంటుంది, మాట్లాడితే పది రూపాయలు ఫైను.

బెంచ్‌మీద_ఖమ్మంవాడు:

ఫైన్ పెడితే మావాళ్లు నెల మొత్తానికి ముందే కట్టేసి కూర్చుంటారు మేడం.

పలకా_బలపం:

బ్యాచ్‌లో తమిళులు, ఒడియావాళ్లు, బెంగాలీలు ఉంటారు, కాబట్టి తెలుగులో పాఠం నడపలేరు. కానీ 'ఈ ముక్క మీ భాషలో ఎలా అంటారు' అని ఒక్కొక్కరిని అడిగి చూడండి, క్లాసు లేచి కూర్చుంటుంది. 'వితౌట్ ఫెయిల్' సంగతి అడిగితే తమిళాయన కూడా నవ్వాడు, వాళ్ల దగ్గరా అదే కథట.

వేసవి_నిరుద్యోగి:

నాదొక చిన్న సందేహం. ఈ పనికి సర్టిఫికెట్ ఏదైనా తప్పనిసరా? సెల్టా, అదే కేంబ్రిడ్జ్‌వాళ్ల ఇంగ్లీషు టీచర్ల సర్టిఫికెట్, చేద్దామనుకుంటున్నా, ఫీజు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

పాత_చాక్‌పీస్:

తప్పనిసరి అని ఎక్కడా లేదు నాయనా. సెల్టా కనీసం 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని ట్యూటర్ చూస్తుంటాడు. ఆ ఆరు గంటలే దాని అసలు విలువ. ఎవరైనా నువ్వు చెప్పే పాఠం చూసి తప్పులు చెప్పేవాళ్లు నీకు ఇప్పటికే ఉంటే తొందర లేదు.

పలకా_బలపం:

వెండర్లు అడిగేది సర్టిఫికెట్ కాదు, రేటు ఎంత తగ్గిస్తావని. పది శాతం టీడీఎస్ కోసుకుంటారు, అది రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది కాబట్టి దానికి ఏడవకండి. ఇన్‌వాయిస్ పంపాక 45 రోజులకి డబ్బిస్తామని రాసుకుంటారు చూడండి, ఏడుపంతా దాని దగ్గర.

కృష్ణాతీరం:

చాలా రోజులైంది, ఎలా జరిగిందో చెబుదామని వచ్చాను. క్లాసులు అయిపోయాయి.

మొదటిరోజు పీపీటీ తెరవలేదు. నా గురించి రెండు ముక్కలు చెప్పి, 'నాకు మీ పని తెలియదు, మీరు చెబితేనే తెలుస్తుంది' అన్నాను. ఆ మాట అనేటప్పుడు చేతులు చెమట పట్టాయి. ఎవరూ నవ్వలేదు. రిపోర్టు ఎవరికి వెళుతుందో చెప్పాను, పేర్లు ఉండవని హెచ్‌ఆర్‌ని ఒప్పించాను, అది కూడా మెయిల్‌లోనే. పలకా బలపం గారూ, మీ మాటల వల్లే అడిగే ధైర్యం వచ్చింది.

ఒక పెద్దాయన ఉన్నారు, 22 ఏళ్ల సర్వీసు. మూడురోజులు ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగోరోజు టీ దగ్గర తెలుగులో అన్నారు, 'నా టీమ్ పిల్లలు ఇదే రూములో ఉన్నారమ్మా, వాళ్ల ముందు తప్పు మాట్లాడితే రేపు నా మాట వింటారా?' నాకసలు తట్టనే లేదు ఈ సంగతి. కాలేజీలో అందరూ ఒకే వయసు, ఒకే బెంచీ. ఆరోజు నుంచి ఆయనకి క్లాసుకి ముందు ఇరవై నిమిషాలు విడిగా కేటాయించాను. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన చెప్పదలుచుకున్నది రెండుసార్లు చెప్పి చూసుకునేవారు, తర్వాత క్లాసులో మొదట చెయ్యెత్తేవారు. ఆఖరి వారంలో చెడ్డవార్త ఎలా చెప్పాలో డాలస్ గారి మూడు వాక్యాలు చేయించాను. అందరికంటే బాగా ఆయనే చేశారు, 22 ఏళ్లలో చెప్పాల్సిన చెడ్డవార్తలు చాలానే చూసి ఉంటారు.

అన్నీ బాగా జరిగాయనను. టెలిఫోన్ సంభాషణ అని ఒక పాఠం కాలేజీ నుంచి పట్టుకెళ్లాను, 'మే ఐ నో హూ ఈజ్ ఆన్ ద లైన్' బాపతు. పావుగంటకే ఒకమ్మాయి మెల్లగా అంది, 'మేడం, మేం ఫోన్ చేయం, చాట్‌లో పింగ్ చేస్తాం.' ఆ కాగితాలు బ్యాగులో పెట్టేసుకుని, చాట్‌లో ఎలా అడుగుతారో రాయమన్నాను. 'హాయ్' అని పంపి అవతలివాళ్లు పలికేదాకా ఆగుతారట. అడగదలుచుకున్నది మొదటి మెసేజ్‌లోనే అడగడం మీద గంటన్నర గడిచింది.

ఆఖరిరోజు లంచ్‌కి పిలుస్తూ అందరూ కలిసి ఒక మెయిల్ పంపారు. చివరి వాక్యం: 'ప్లీజ్ కమ్ వితౌట్ ఫెయిల్.' కావాలనే రాశారు దొంగలు. దిద్దలేదు, వెళ్లాను.

మిర్చియార్డ్_అబ్బాయి:

సూపర్ మేడం. మా గోడ చూపించారా?

కృష్ణాతీరం:

చూపించాను. ఒకతను ఫోటో కావాలన్నాడు. వీలైతే పెట్టండి.

ఇప్పుడు నాకే ఒక సాయం కావాలి. ఇన్‌వాయిస్ పంపి 50 రోజులైంది, డబ్బు రాలేదు. గుర్తు చేస్తూ మెయిల్ రాశాను, పంపడానికి చెయ్యి రావట్లేదు. ఇలా ఉంది: 'డియర్ సర్, సారీ టు డిస్టర్బ్ యూ ఇన్ యువర్ బిజీ షెడ్యూల్. జస్ట్ ఎ జెంటిల్ రిమైండర్. ఇఫ్ పాసిబుల్, కైండ్లీ లుక్ ఇంటూ మై పేమెంట్ వెన్ యూ ఆర్ ఫ్రీ.'

డాలస్_నుంచి:

మేడం! 40 గంటలు ఎవరికి చెప్పారు మీరు?

పలకా_బలపం:

సారీ కొట్టేయండి. జెంటిల్ కొట్టేయండి. ఇఫ్ పాసిబుల్, వెన్ యూ ఆర్ ఫ్రీ రెండూ తీసేయండి, వాళ్లెప్పుడూ ఫ్రీగా ఉండరు. ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, మొత్తం, గడువు ఎప్పుడు దాటిందో రాయండి. 'కుడ్ యూ కన్ఫర్మ్ ద పేమెంట్ డేట్ బై ఫ్రైడే?' అని ఆపేయండి. టిల్ కాదు, బై 😄

కృష్ణాతీరం:

పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది. 'నోటెడ్ మేడం. విల్ రివర్ట్ బ్యాక్ ఎట్ ద ఎర్లియెస్ట్.'

బెంచ్‌మీద_ఖమ్మంవాడు:

వెండర్‌కి కూడా ఒక 40 గంటలు కోట్ చేయండి మేడం.